పేరు పెట్టి పని అప్పజెప్పుకుందాం
(నౌపడలో జరిగిన రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



ప్రభుత్వాల తప్పుల గురించి ఈ వేదిక మీద చాలాసార్లు మాట్లాడుకున్నాం, మళ్లీ మాట్లాడుకుంటాం. ఈరోజు మన తప్పు ఒకటి చెప్పుకుందాం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. ఈనిక మీదున్న వరి నేలకొరిగింది. ముందురోజు సాయంత్రం వరకూ మనం ఏమనుకున్నాం? "2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ పోయింది, 2014లో హుద్‌హుద్ విశాఖ పోయింది. ఇదీ పక్కకే పోద్ది. తుపాన్లు మనకేటి కొత్తా?" అనుకున్నాం. 

గాలిని ఆపడం మన చేతుల్లో లేదు. తర్వాత జరిగింది మాత్రం మన చేతుల్లోదే. నష్టపోయినవారి జాబితా పంచాయతీ దగ్గర అంటించి, అభ్యంతరాలకి గడువిచ్చారు. మా కమిటీ కూర్చుంది. పదకొండు మందిమి ఉన్నాం. "మనోళ్ల పేర్లన్నీ ఉంటాయి. ఇన్నేళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నోళ్లం, మనకి తెలీదా?" అన్నారు పెద్దలు. అందరం తలూపాం. వెనకనుంచి ఒక అక్క, "ఒకసారి చూసొస్తే మంచిది కదా" అంది. "చూద్దాంలే" అన్నాం. అధ్యక్షుడు చూస్తాడని కార్యదర్శి, కార్యదర్శి చూస్తాడని అధ్యక్షుడు, ఇద్దరిలో ఎవరో చూస్తారని మిగతావాళ్లం. ఒక్కరూ వెళ్లలేదు.

గడువు దాటాక తెలిసింది. కౌలుకి చేసిన కొందరి పంట భూయజమాని పేరు మీద ఉంది. నోటిమాట కౌలు, చేతిలో కార్డు లేదు. పెట్టుబడి పెట్టినోడొకడు, పరిహారం అందుకున్నోడొకడు. ఆ అక్క ఇల్లు కూడా అందులో ఒకటి. ఆమెకి చెప్పడానికి ఇప్పటికీ మా దగ్గర జవాబు లేదు.

మాకు తెలియక జరిగింది కాదిది. అంతా తెలుసన్న ధీమాతో జరిగింది.

మన పనులే చూడండి. ఊడ్పులకి దిగితే ఆకు తీసేదెవరో, మోసేదెవరో, ఊడ్చేదెవరో తెలుసు. తెప్ప సముద్రంలోకి దిగితే ఎవరి చోటు ఏదో తెలుసు. కాకరాపల్లి తంపర భూముల పోరాటంలో రిలే దీక్షలు సాగాయంటే, ఈరోజు ఎవరు, రేపు ఎవరు అన్న వంతు ఉండబట్టే. 2011 ఫిబ్రవరి 28న కాల్పుల్లో ప్రాణాలు కూడా పోగొట్టుకున్నాం. అలాంటి మనమే కమిటీలో కూర్చోగానే అందరం నాయకులమైపోతాం. అందరూ అందలం ఎక్కితే మోసేదెవరు?

ఆ దెబ్బ తిన్నాక మా కమిటీలో నాలుగు కట్టుబాట్లు పెట్టుకున్నాం.

ఒకటి: ప్రతి తీర్మానం పక్కన ఒక మనిషి పేరు, ఒక తారీఖు ఉండాలి. "కమిటీ చూసుకుంటుంది" అని రాయకూడదు.

రెండు: ప్రతి సమావేశంలో వంతు ప్రకారం ఒకరు అడ్డుప్రశ్నలు వేయాలి. "మనం అనుకున్నట్టు జరక్కపోతే ఏం చేస్తాం?" అని అడగడమే ఆరోజు ఆయన పని. అడిగినందుకు ఎవరూ కోపం తెచ్చుకోకూడదు.

మూడు: కౌలు రైతులు, ఆడవాళ్లు ముందు మాట్లాడాలి. పెద్దలు చివర మాట్లాడాలి. పెద్దాయన ముందే తేల్చేస్తే చిన్నవాడు నోరు విప్పడు.

నాలుగు: చూసింది వేరు, అనుకున్నది వేరు. రెండూ విడిగా రాయాలి. "కాలువ నీళ్లొస్తాయి" అంటే ఎవరు చూశారు, ఎక్కడి దాకా వచ్చాయి? గొట్టా బ్యారేజీ నుంచి వచ్చే ఎడమ కాలువ చివరి భూములకి ఈ ప్రశ్న ప్రాణంతో సమానం. గట్టు మీద నడిచి చూసొచ్చిన మనిషి చెప్పాకే నారు మాట.

ఇప్పుడు చేయాల్సిన పనులున్నాయి. 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు కార్డు 11 నెలలకే చెల్లుతుంది. భూయజమాని సంతకం కూడా కావాలి. ఆయన దగ్గరికి మాట్లాడ్డానికి వెళ్లేదెవరు? ఈ-పంటలో సాగు చేసినవారి పేరే పడిందా అని చూసేదెవరు? ఫసల్ బీమా నిబంధనల్లో, కోసి ఆరబెట్టిన పంట 14 రోజుల్లోపు తుపాను వానకి తడిస్తే 72 గంటల్లో తెలియజేయాలి. కరెంటు లేని ఆ మూడు రోజుల్లో ఫోను చేసేదెవరు?

ఊరికో పేరు, పనికో పేరు ఈ పుస్తకంలో రాయించాకే ఈ సభ నుంచి కదులుదాం. ముందుగా ఆ అక్కని పిలుస్తున్నాం. ఈరోజు అడ్డుప్రశ్నలు వేసే వంతు ఆమెది.