అప్పీలు నడిచినన్నాళ్ళూ పాత బాడుగేనా?

కువైట్‌లో మనవాళ్ళు చెమటోడ్చి కూడబెట్టింది చాలావరకు ఊళ్ళో ఒక ఇల్లుగానో, రోడ్డు మీద రెండు షాపు రూములుగానో నిలబడి ఉంటుంది. గోదావరి వాళ్ళు అద్దె అంటారు, మా కడప వాళ్ళం బాడుగ అంటాం, తెలంగాణ వాళ్ళు కిరాయి అంటారు. మాట ఏదైనా తంటా ఒకటే. ఇక్కడికి రాకముందు కొన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగినవాణ్ణి కాబట్టి నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "అన్నా, ఖాళీ చేయమని కోర్టు చెప్పింది. ఆయప్ప అప్పీలుకు పోయినాడు. అది తేలేదాకా ఆ పాత బాడుగే తీసుకోవాల్నా?"

అక్కర్లేదు. అయితే అడిగినవాళ్ళకే దక్కుతుంది. ఎప్పుడు అడగాలో, ఎలా అడగాలో ఈరోజు చెప్పుకుందాం.

ముందు ఒక అపోహ తీసేద్దాం. అప్పీలు వేసినంత మాత్రాన కింది కోర్టు తీర్పు ఆగిపోదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 41, రూల్ 5 ఈ మాట స్పష్టంగా చెబుతుంది. తీర్పు అమలు ఆగాలంటే పై కోర్టు స్టే ఇవ్వాలి. ఆ స్టే హక్కుగా వచ్చేది కాదు. కారణం చూపాలి, కోర్టు పెట్టే షరతులకు ఒప్పుకోవాలి. మన అసలు విషయం ఆ షరతుల్లోనే ఉంది.

దీనికి దారి చూపిన కేసు ఢిల్లీది. కన్నాట్ సర్కస్‌లో సుమారు వెయ్యి చదరపు అడుగుల షాపు. 1944లో అద్దెకిచ్చారు. నెలకు 371 రూపాయల 90 పైసలు. ఏళ్ళు గడిచినా అద్దె పెరగలేదు. 2001లో రెంట్ కంట్రోలర్ ఖాళీ చేయమన్నాడు, అద్దెదారు అప్పీలుకు వెళ్ళాడు. ట్రిబ్యునల్ స్టే ఇస్తూ, పాత అద్దె యజమానికి కడుతూనే నెలకు మరో 15,000 రూపాయలు కోర్టులో జమ చేయాలంది. అప్పీలు తేలేదాకా ఆ డబ్బు ఎవరూ తీసుకోకూడదు. హైకోర్టు ఈ షరతు కొట్టేసింది. 2004 డిసెంబరు 10న సుప్రీంకోర్టు దాన్ని మళ్ళీ నిలబెట్టింది. ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసు అంటే వకీళ్ళకు వెంటనే తెలుస్తుంది.

అందులోని న్యాయం సులువుగానే అర్థమవుతుంది. ఖాళీ చేయాలని తీర్పు వచ్చిన రోజు నుంచి ఆ మనిషి పాత ఒప్పందం చాటున ఉన్నట్టు కాదు. యజమాని ఆ షాపు వేరొకరికి ఇచ్చుకుంటే ఎంత వచ్చేదో అంత కట్టి ఉండాలి. 2009లో సూపర్ మాక్స్ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఇదే మాట ఖాయం చేసింది. అక్కడ అద్దెకున్నది సాక్షాత్తూ మహారాష్ట్ర ప్రభుత్వం. నెలకు 5,40,000 రూపాయలు జమ చేయమన్న బొంబాయి హైకోర్టు ఉత్తర్వును సుప్రీంకోర్టు తప్పుపట్టలేదు.

రెండో వైపు కూడా చూడాలి. మన కుటుంబాల్లో ఊళ్ళో అద్దెకుంటున్నవాళ్ళూ ఉన్నారు. అదే తీర్పులో సుప్రీంకోర్టు ఒక హెచ్చరిక చేసింది. కోర్టు నిర్ణయించే మొత్తం విపరీతంగా ఉండకూడదు, ఊహించి వేసింది కాకూడదు, శిక్ష వేసినట్టు ఉండకూడదు. కట్టలేనంత మొత్తం పెట్టి అప్పీలు హక్కునే లేకుండా చేస్తే అది న్యాయం కాదు. కాబట్టి అద్దెదారు కూడా ఆ వీధి అద్దెలు చూపించి, ఇంత కాదు అని వాదించుకోవచ్చు.

లెక్క ఒకటి చూద్దాం. మీ షాపు బాడుగ 4,000, పక్క షాపుది 15,000 అనుకోండి. తేడా నెలకు 11,000. అప్పీలు మూడేళ్ళు నడిస్తే 3,96,000 రూపాయలు. ఇక్కడ ఒక డ్రైవరన్న ఎన్ని నెలలు కష్టపడితే అంత మిగులుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మరి ఏం చేయాలి? తీర్పు రాగానే పై కోర్టులో కేవియట్ వేయించండి. మీ మాట వినకుండా స్టే ఇవ్వకుండా అది కాపాడుతుంది. దాని గడువు 90 రోజులు. స్టే అర్జీ విచారణకు వచ్చిన రోజే, నేటి అద్దె ప్రకారం జమ చేయించాలని రాతపూర్వకంగా అడగండి. నోటి మాట చాలదు. అదే వీధిలో రిజిస్టరైన లీజు పత్రాల నకళ్ళు, షాపు కొలతలు, ఫోటోలు పెట్టండి. షరతు తప్పితే స్టే రద్దవుతుందని ఉత్తర్వులోనే రాయించుకోండి.

మీరు ప్రతి వాయిదాకూ విమానం ఎక్కలేరు. నమ్మకమైన మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలంటే ఇక్కడి భారత రాయబార కార్యాలయంలో సంతకం చేసి ధ్రువీకరణ చేయించుకోవచ్చు. ఆ కాగితం ఇండియా చేరాక మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఇది మరిచిపోయి ఇబ్బంది పడినవాళ్ళు ఉన్నారు.

హైదరాబాదులో పాత అద్దె నియంత్రణ చట్టం కిందికి వచ్చే కేసైతే అప్పీలు సిటీ స్మాల్ కాజెస్ కోర్టుకు వెళుతుంది, గడువు 30 రోజులు. నెలకు 3,500 రూపాయలు మించిన అద్దెలు అక్కడ ఆ చట్టం కిందికి రావు, మామూలు సివిల్ దావాయే. మీ కేసు ఏ దారిదో వకీలును ముందే అడగండి.

ఇక్కడ ఫర్వానియాలోనో అబ్బాసియాలోనో అద్దెకుంటున్న మనకు గడువు విలువ బాగా తెలుసు. కువైట్ 1978 నాటి 35వ నంబరు అద్దె చట్టం ప్రకారం, కట్టాల్సిన తేదీ నుంచి 20 రోజుల్లో అద్దె కట్టకపోతే యజమాని ఖాళీ చేయించమని కోర్టుకెళ్ళవచ్చు. ఊళ్ళో కేసు అంత తొందరగా తేలదు. ఆలస్యాన్ని మనం ఆపలేకపోయినా, ఆ ఆలస్యం ఖర్చంతా మన నెత్తినే పడకుండా అడిగే హక్కు మాత్రం ఉంది.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. సెలవు.