ఇంటూ గుర్తు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి కరువు భత్యం ఊసెత్తను. ఒక నవల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. డోలెన్ పెర్కిన్స్-వాల్డెజ్ అనే అమెరికన్ రచయిత్రి 2022లో వెలువరించిన 'టేక్ మై హ్యాండ్'.

కథ రెండు కాలాల్లో నడుస్తుంది. 1973లో అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో సివిల్ అనే నల్లజాతి నర్సు. 2016లో ఆవిడే పెద్దదై, పెంచుకున్న కూతురికి ఇన్నాళ్ళూ దాచిన సంగతులు విప్పుతుంది. తాను చూసుకుంటున్న ఇద్దరు ఆడపిల్లలకు ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. తాను చేయించుకున్న గర్భస్రావం మరో రహస్యం. నా మట్టుకు 2016 భాగం కాస్త పలుచన.

దీనికి ఆధారం నిజంగా జరిగినదే. 1973 జూన్‌లో అదే ఊళ్ళో 14, 12 ఏళ్ళ రెల్ఫ్ అక్కచెల్లెళ్ళకు ఈ ఆపరేషన్ జరిగింది. చదువురాని తల్లి, ఇంజెక్షన్ల కోసమనుకుని, కాగితం మీద ఇంటూ గుర్తు పెట్టింది. వ్యాజ్యం నడిచింది. ప్రభుత్వ నిధులతో ఏటా 1,00,000 నుండి 1,50,000 మంది పేదలకు ఈ ఆపరేషన్లు జరిగాయన్న అంచనాను వాషింగ్టన్ న్యాయమూర్తి 1974 తీర్పులో రాశారు. భత్యం ఆపేస్తామని బెదిరించి ఒప్పించిన సందర్భాలూ అందులోకెక్కాయి.

ఆ గుర్తు దగ్గర నేను ఆగిపోయాను. మన కాగితాల్లో వేలిముద్ర పక్కన 'చదివి వినిపించగా విని సమ్మతించి' అని ఉంటుంది. వినిపించారో లేదో రాసినవాడికే ఎరుక. 1975-77 ఎమర్జెన్సీలో మన దేశంలో లక్ష్యాలు పెట్టి చేయించిన ఆపరేషన్ల సంగతి ఇక్కడున్న పెద్దలకు చెప్పనక్కరలేదు. మనవలకే తెలియదు.

పుస్తకం ఇంగ్లీషులో ఉంది. కళ్ళు సహకరించనివారు మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకోండి. సెలవు.