చక్రాల ఇంట్లో కొండల కాపురం

ప్రయాణమంటే మన ఆడవాళ్ళకి ముందుగా గుర్తొచ్చేది ఏమిటో చెప్పనా? చూడబోయే ఊరు కాదు, కట్టుకెళ్ళాల్సిన పులిహోర. అందుకే మా చెల్లెలు అమెరికా నుంచి ఫోను చేసి, "అక్కా, ఈసారి నువ్వొస్తే ఇంటినే వెంటబెట్టుకుని కొండలెక్కుదాం" అన్నప్పుడు, నేను అడిగిన మొదటి మాట "పొయ్యి ఉంటుందిటే?" అని. "పొయ్యీ ఉంటుంది, ఫ్రిజ్జూ ఉంటుంది, పక్కలూ ఉంటాయి" అంది. ఇక మావారు వద్దనడానికి కారణమేమీ దొరకలేదు.

అది 2023 అక్టోబరు. నార్త్ కరోలినా రాష్ట్రంలో షార్లెట్ అనే నగరం వాళ్ళది. అక్కడే బండి అద్దెకు తీసుకున్నాం. దీన్ని ఆర్.వి. అంటారు. పైకి చూస్తే మన మినీ బస్సులా ఉంటుంది. లోపలికి వెళితే చిన్న వంటిల్లు, భోజనాల బల్ల, స్నానాలగది, డ్రైవరు నెత్తిమీద ఒక అటక పడక. మేమిద్దరం, మా చెల్లెలూ మరిదీ, వాళ్ళ పదమూడేళ్ళ అమ్మాయి, తొమ్మిదేళ్ళ పిల్లాడు, మొత్తం ఆరుగురం.

బండి కదిలి మొదటి మలుపు తిరిగిందో లేదో, అలమర తలుపు తెరుచుకుని నా పోపులడబ్బా కిందపడింది. ఆవాలు, మెంతులు, జీలకర్ర బండంతా చిమ్మాయి. తిరిగొచ్చేదాకా ఎక్కడ కాలుపెట్టినా ఆవాలే. కాబట్టి మొదటి పాఠం ఇది: చక్రాల ఇంట్లో ప్రతి తలుపుకీ గొళ్ళెం వేశాకే బండి కదలాలి.

రెండో పాఠం నీళ్ళది. మా బండి ట్యాంకులో పట్టేవి సుమారు 150 లీటర్లు. స్నానం, వంట, అంట్లు, అన్నీ అందులోనే. అంతేకాదు, వాడిన నీళ్ళు కూడా బండి కింద వేరే ట్యాంకులో చేరతాయి. అది నిండితే పైన నీళ్ళున్నా వాడటానికి లేదు. ఇంట్లో కుళాయి వదిలేసి గిన్నెలు తోమే నేను, అక్కడ ముందు కంచాలన్నీ కాగితంతో తుడిచి, గిన్నెడు నీళ్ళతో కడిగి, ఆ నీళ్ళలోనే చెంచాలూ కడిగాను. మరుగుదొడ్డి ట్యాంకుని మాత్రం దానికోసం కట్టిన చోట గొట్టం తగిలించి ఖాళీ చెయ్యాలి. ఆ పని మగవాళ్ళకి అప్పజెప్పాం. ఇంట్లో కాఫీ గ్లాసు తీసి అవతల పెట్టని మావారు చేతులకి తొడుగులు వేసుకుని, గొట్టం పట్టుకుని నిలబడిన దృశ్యం నేను చచ్చినా మర్చిపోను సుమండీ!

ఇక దారి సంగతి. ఆ కొండల వెన్నెముక మీదుగా బ్లూ రిడ్జ్ పార్క్‌వే అని ఒక రోడ్డుంది. 469 మైళ్ళ పొడవు. 1935లో మొదలుపెట్టి 1987లో పూర్తిచేశారు. దానిమీద సరుకుల లారీలు తిరగవు, ప్రకటనల బోర్డులు ఉండవు, పెట్రోలు బంకులూ ఉండవు. 26 సొరంగాలున్నాయి. కమాను ఆకారంలో ఉంటాయి కనక అంచుల్లో ఎత్తు తక్కువ. అందుకని మా మరిది బండి ఎత్తు చీటీమీద రాసి అద్దానికి అంటించుకున్నాడు. మేము యాష్‌విల్ ఊరి దగ్గర ఆ రోడ్డెక్కి దక్షిణంగా వెళ్ళాం. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను ఆ రోడ్డుని చాలాచోట్ల కోసేసింది. అందుచేత ఎవరైనా వెళ్ళదలిస్తే ఏ ముక్క తెరిచి ఉందో ముందే కనుక్కుని బయలుదేరండి.

ఆ రంగులు ఎలా చెప్పను? కొండవాలు మొత్తానికి ఎవరో పసుపూ కుంకుమా చల్లి, మధ్యమధ్య కాషాయం ఆరేసినట్టుంది. హికరీ, ట్యూలిప్ పాప్లర్ చెట్లు పసుపు, మేపుల్ నారింజ, సవర్‌వుడ్ అనే చెట్టు నెత్తురంత ఎరుపు. "ఇవన్నీ ఇప్పుడెక్కడినుంచి వచ్చాయే?" అని మా చెల్లెలి కూతుర్ని అడిగాను. బళ్ళో చెప్పారట, చక్కగా వివరించింది. ఆకుకి పచ్చదనం ఇచ్చే పత్రహరితాన్ని చెట్టు వేసవంతా ఖర్చుపెడుతూ, మళ్ళీ తయారు చేసుకుంటూ ఉంటుంది. పగటిపొద్దు తగ్గి చలి మొదలవగానే ఆ తయారీ ఆపేస్తుంది. పచ్చదనం కరిగిపోయాక, మొదట్నుంచీ ఆకులో దాగి ఉన్న పసుపూ నారింజా బయటపడతాయి. ఎరుపు మాత్రం దాచిన సొమ్ము కాదు. ఆకులో చిక్కుకున్న చక్కెరతో అప్పటికప్పుడు తయారవుతుంది. పగలు ఎండ, రాత్రి చలి కుదిరితే ఎరుపు బాగా తేలుతుందిట. శిఖరాలమీద ముందు, లోయల్లో వెనక. అందుకే ఒక్కరోజులో మేము అడుగున ఆకుపచ్చ, నడుమ రంగులు, పైన మోడులు, మూడూ చూశాం.

పార్క్‌వే చివర గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ ఉద్యానవనం. 1934లో ఏర్పడింది. దానికోసం అక్కడ తరతరాలుగా సేద్యం చేసుకున్న కుటుంబాలు ఎన్నో ఊళ్ళు వదిలిపోయాయి. అంతకు దాదాపు వందేళ్ళ ముందు, 1838లో, ఆ నేల అసలు వారసులైన చెరోకీ జనాన్ని సైన్యం బలవంతంగా పడమటికి నడిపించింది. దారిలో వేలమంది ప్రాణాలు పోయాయి. ఎలాగో మిగిలినవాళ్ళ వంశీకులు ఉద్యానవనం వాకిట్లో, చెరోకీ అనే ఊళ్ళోనే నేటికీ ఉన్నారు. ప్రాజెక్టుల కింద ఊళ్ళు మునిగిన మనకి ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు.

స్మోక్‌మాంట్ అనే చోట విడిది చేశాం. పక్కనే ఏరు. అక్కడ బళ్ళకి కరెంటు తగిలించుకునే ఏర్పాటు లేదు, స్నానాలగదులూ లేవు. జనరేటరు కూడా పగలే వెయ్యాలి. చీకటి పడితే ఏటి చప్పుడొక్కటే.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. అవి దసరా నవరాత్రులు. పొద్దున్నే లేచి బండిలో పులిహోర కలిపి, చిన్న పటం ముందు నైవేద్యం పెట్టాను. మా అమ్మ దగ్గర్నుంచి వచ్చిన అలవాటు, మనం తినేముందు ఓ ముద్ద నోరులేని జీవానికి పెట్టాలని. కాకులు కనబడలేదు. వెడల్పాటి రాలిన ఆకు ఒకటి తీసి, ఓ పెద్ద ముద్ద పెట్టి, బండి వెనక రాయిమీద ఉంచి వచ్చాను. ఏ ఉడతో తింటుందనుకున్నాను. ఎంతో తృప్తిగా ఉంది.

పావుగంటలో అటుగా వచ్చిన రేంజరమ్మ ఆ రాయి దగ్గర ఆగింది. నెమ్మదిగానే అడిగింది, ఇది ఎవరు పెట్టారని. నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. మా చెల్లెలి కూతురు మొహం ఎర్రగా చేసుకుని విని, నా దగ్గరికొచ్చి, "పెద్దమ్మా, నువ్వు పెట్టిన ముద్ద ఎలుగుబంటిని చంపుతుంది" అంది.

నాకు కాళ్ళలో వణుకు పుట్టింది. పులిహోరలో విషముందా అని! సంగతి అది కాదు. ఆ ఉద్యానవనంలో నల్ల ఎలుగులు 1,500కు పైగా ఉన్నాయి. శరదృతువులో చలికాలానికి కొవ్వు పట్టడంకోసం పొద్దస్తమానం మేస్తాయి. వాటి ముక్కు మహా చురుకు. మనిషి తిండి ఒక్కసారి రుచి మరిగితే భయం పోతుంది. బళ్ళచుట్టూ, గుడారాలచుట్టూ తిరుగుతుంది. ఏ పిల్లాడినో గాయపరుస్తుంది. అప్పుడు దాన్ని చంపక తప్పని రోజు వస్తుంది. అందుకే జంతువులకి తిండి పెడితే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. ఆవిడ నామీద దయతలిచి హెచ్చరికతో వదిలేసింది. నేను కూర్చుని, రాయిమీదా గడ్డిలోనూ పడిన మెతుకులు, పల్లీలు, కరివేపాకుతో సహా ఏరాను. ఆవిడ వెళ్ళిపోకుండా పక్కన కూర్చుని తనూ ఏరింది.

ఆ రోజంతా మనసు బాగాలేదు. పెట్టడం పుణ్యమని నలభై ఏళ్ళుగా నమ్మిన చెయ్యి ఇది.

ఆ మధ్యాహ్నం శిఖరానికి వెళ్ళాం. 6,643 అడుగులు. మేము వెళ్ళినప్పుడు దానిపేరు క్లింగ్‌మన్స్ డోమ్. 2024 సెప్టెంబరులో చెరోకీలు కోరిన మీదట పాత పేరు తిరిగి పెట్టారు, కువోహి అని. మల్బరీ చెట్ల చోటు అని అర్థంట. అక్కణ్ణుంచి ఆండ్రూస్ బాల్డ్ అనే గడ్డిమైదానానికి కాలిబాట, వెళ్ళిరావడం 3.6 మైళ్ళు. తిరుమల మెట్లెక్కిన దాన్ని, ఇదెంత అనుకున్నాను. కాని ఇక్కడ తిరకాసుంది. మన కొండలకి ముందు ఎక్కి తరవాత దిగుతాం. ఇక్కడ ముందు దిగి, అలిసిపోయాక ఎక్కాలి! వెళ్ళేటప్పుడు సరదాగా నీళ్ళన్నీ తాగేశాను. తిరిగొచ్చేటప్పుడు నాలుక పిడచకట్టింది. మావారు తన సీసాలో దాచిన సగం నాకిచ్చి, "ట్యాంకు చూసుకుని వాడుకోవాలని నువ్వేగా చెప్పావు" అన్నారు. అన్నట్టు, అడుగుకీ శిఖరానికీ 10 నుంచి 20 ఫారెన్‌హీట్ డిగ్రీల తేడా ఉంటుంది. చీరమీద స్వెట్టరు ఏమూలకీ చాలదు. గాలి ఆపే కోటు, పట్టున్న బూట్లు, తలకి టోపీ ఉండాలి. సిగ్గుపడకండి, అక్కడ మనల్ని చూసేవాళ్ళెవరూ లేరు.

ఆఖరిరోజు తెల్లవారుజామున పిల్లాడు అటకమీంచి గుసగుసగా పిలిచాడు, "పెద్దమ్మా, ఇటు చూడు." కిటికీలోంచి చూస్తే ఏటి అవతల ఓక్ చెట్ల కింద తల్లి ఎలుగు, వెనకాలే పిల్ల. ఆకులు కాళ్ళతో జరిపి, రాలిన కాయలు ఏరుకుని తింటున్నాయి. మావైపు తలెత్తి చూడలేదు. మేము వాటికేమీ కాము. పొయ్యిమీద అట్టు మాడుతోందని తెలుస్తోంది, కదలాలనిపించలేదు.

ఎవరి భోజనం వాళ్ళకి ఆ తల్లి ముందే వడ్డించి ఉంచింది. మధ్యలో నా ముద్ద అక్కర్లేదు. పెట్టడం తెలిసిన చేతికి, పెట్టకుండా ఆగడం కూడా తెలియాలని ఆ కిటికీ దగ్గర అర్థమైంది.

మీకూ అలాంటి అవకాశం వస్తే, పోపులడబ్బాకి గట్టిమూత వెతకండి. తినగా మిగిలింది చెట్టుకింద పారెయ్యక, మూటకట్టి బండిలోనే పెట్టండి. మన శ్రీశైలం అడవి దారిలో కోతులకి అరటిపళ్ళు విసిరే ముందు కూడా, ఒక్కక్షణం ఆ రాయి దగ్గర మెతుకులేరుతున్న నన్ను తల్చుకోండి. ఇక సెలవు.