ప్రసూతిశాలయందు గర్భిణి సమ్మతి



2005వ సంవత్సరమున జననీ సురక్షా యోజన ప్రారంభమైన పిమ్మట మన దేశమున ఆసుపత్రి కాన్పులు మిక్కిలి హెచ్చినవి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము అట్టివి నూటికి సుమారు 89. శస్త్రచికిత్సచే జరిగిన కాన్పులు దేశమున నూటికి 21కి పైగాను, తెలంగాణమున 60కి పైగాను అప్పుడు ఉండినవి.

అవసరమైనచోట శస్త్రచికిత్స ప్రాణదాయకమే. కాని ముహూర్తమునకై బంధువులు కోరినను, త్వరపడి వైద్యులు నిర్ణయించినను, బాధ పడవలసినది ఆ తల్లియే.

కావున తాము తనిఖీకి పోవునపుడు మూడు సంగతులు విచారింపవలయును. శస్త్రచికిత్సకు కారణమును ఆమెకు తెలియు మాటలలో చెప్పిరా? సమ్మతిపత్రముపై వ్రాలు ఆమెదేనా, లేక భర్తది మాత్రమేనా? 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినట్లు, నొప్పులవేళ ఆమె కోరిన తోడును లోనికి రానిచ్చిరా?

ఇందులకు ప్రత్యేక వ్యయము లేదు. ప్రత్యుత్తరములను రిజిస్టరునుండి గాక, ఆ తల్లి నోటనే వినవలయునని ప్రార్థన.