మాతృభాష గడిలో ఏమి రాయించాలి?



2027 జనగణనలో మన గడపకు వచ్చే ఉద్యోగి మతంతో పాటు మాతృభాషనూ అడుగుతారు. ఈ రెండు గడులూ వేర్వేరు. మాతృభాష అంటే బాల్యంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాష అని జనగణన నిర్వచనం. మతానికీ భాషకూ ముడిపెట్టవద్దని, చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలని 2011లో గణకులకు స్పష్టంగా సూచించారు. ముడి వేసేది చాలాసార్లు మనమే.

ఈ పత్తినేలలో విల్లు పట్టి దూది ఏకిన నూర్‌బాషా, దూదేకుల కుటుంబాల ఇంటిభాష తరతరాలుగా తెలుగే. బుర్రకథకు జీవితం ధారపోసిన పొన్నెకల్లు నాజర్ ఆ బిడ్డే. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. ఉర్దూ రాదని వీరిని తక్కువ ముస్లింలుగా చూడటం మనలోని అన్యాయం. దానికి భయపడి గడిలో ‘ఉర్దూ’ అని రాయించనక్కరలేదు.

మరోవైపు, కొండవీడు గోల్కొండ ఏలుబడిలోకి వచ్చిన కాలం నుండి కొలువులకై, వర్తకానికై ఇటు తరలివచ్చిన కుటుంబాలున్నాయి. వారి ఇళ్లలో ‘నక్కో’, ‘హౌ’, ‘కైకు’ ఇంకా వినబడుతున్నాయి. నానీ దక్కనీలో పిలుస్తుంది, మనుమరాలు తెలుగులో పలుకుతుంది. తాతగారి ఉత్తరాలు పెట్టెలో ఉన్నాయి, చదివేవారు లేరు. పిల్లలు తెలుగు చదువుతున్నారు గనుక తెలుగే రాయిద్దామనుకుంటే ఆ నానీ లెక్కలో లేకుండా పోతుంది. 2022లో ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయింది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు రాజ్యాంగం 350ఎ అధికరణం ఆధారం. అయితే ఉర్దూ టీచరు కావాలని అర్జీ పెట్టిన నాడు అధికారి అడిగేది పిల్లల సంఖ్యే.

కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వరంతో శ్రీరంగం వెళ్లి స్థిరపడ్డారు. చుట్టూ భాష మారింది. అయినా మనుమలు ఆ వాద్యాన్ని వదలలేదు, ఎందుకంటే తాత ఎదుట కూర్చోబెట్టి నేర్పారు. భాషకు ఆపాటి సమయం మనమిస్తున్నామా?

పని పెద్దది కాదు. మక్తబ్‌లో ఖుర్‌ఆన్ చదవడం నేర్చిన బిడ్డకు ఉర్దూలో పే, చే, గాఫ్ వంటి కొద్ది అక్షరాలే కొత్త. తెలుగు ఇళ్ల పిల్లలను బలవంతపెట్టవద్దు, కోరితే చేర్చుకోండి. మిరప కోతలు ముగిసి బడులకు సెలవులిచ్చాక రోజుకొక గంట చాలు. మొదటి పాఠంగా పెట్టెలోని తాతగారి ఉత్తరమే తీయండి.