ఈ పెట్టె మీరే సర్దుకున్నారా?



విమాన ప్రయాణాల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు నన్ను ఆదేశించారు. నాకు విమానశాస్త్రం తెలుసునని కాదు. బడిపంతులు ఉద్యోగంలో సెలవులు దొరికినప్పుడల్లా వాంకూవరు నుండి ఫిజీలోని నాందికీ, హైదరాబాదుకూ తిరిగి తిరిగి పాస్‌పోర్టులు నింపుకున్నవాణ్ణి గనుక నన్ను పిలిచారు. నాది సాయంత్రపు తరగతిలో నేర్చుకున్న తెలుగు. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ఏ కంపెనీవారి భోజనం బాగుంటుంది, ఏ విమానంలో కాళ్లు చాపుకొనే చోటుంటుంది అన్న సంగతులు మీకు నాకంటె బాగా తెలుసు. నేను ఒక్క ప్రశ్న గురించే మాట్లాడదలచాను. సామాను తూచేచోట కౌంటరులోని అమ్మాయి తల ఎత్తకుండానే అడుగుతుంది: "ఈ పెట్టె మీరే సర్దుకున్నారా? ఎవరైనా మీకు ఏమైనా ఇచ్చారా?"

ఈ ప్రశ్న వింటే మనవాళ్లకు నవ్వు వస్తుంది. తెలుగువాడి పెట్టెను తెలుగువాడు ఒక్కడే ఏనాడు సర్దుకున్నాడు? అత్తగారి ఆవకాయ, పక్కింటివారి అల్లుడికి మందులు, ఎవరి మనవరాలికో గాజులు. మన బట్టలకు మిగిలేది ఒక మూల. అయినా కౌంటరు దగ్గర మనమందరం ఒకటే జవాబు చెబుతాం: "నేనే సర్దుకున్నాను, ఎవరూ ఏమీ ఇవ్వలేదు." నేనూ ఎన్నో ఏళ్లపాటు అలాగే చెప్పాను. అది అబద్ధమని తెలిసే చెప్పాను.

మన తాతల కాలంలో ఈ చిక్కు లేదు. 1903లో ఎల్బ్ అనే ఓడ మద్రాసు నుండి కూలీలను ఫిజీకి తెచ్చింది. ఆ తరువాత 1916 వరకు ఓడలు వస్తూనే ఉన్నాయి. మా తాతగారు అలా వచ్చినవారిలో ఒకరు. మనిషి ఏ ఓడలో ఉంటే మూట ఆ ఓడలోనే, తలకింద దిండుగా ఉండేది. విమానాలు వచ్చాక మనిషి పైన, మూట కింద అయ్యాయి. 1949లో కెనడియన్ పసిఫిక్ సంస్థ వాంకూవరు నుండి ఆస్ట్రేలియాకు విమానాలు మొదలుపెట్టినప్పుడు అవి హోనొలులూ, కాంటన్ దీవి, ఫిజీల మీదుగా ఆగుతూ వెళ్లేవి. వారాల సముద్రయానం రోజుల్లోకి వచ్చింది. ఆ తరువాత గంటల్లోకి వచ్చింది.

మన ప్రయాణాల్లో దారిలో ఒకటి రెండు చోట్ల విమానం మారడం మామూలు. హైదరాబాదులో బేగంపేటలో దిగిన రోజుల్లోనూ అంతే, 2008లో శంషాబాదు విమానాశ్రయం వచ్చాకా అంతే. అయితే మన పెట్టెను మనం ప్రతిచోటా మోసుకు తిరగము. పిడికి ఒక చీటీ కడతారు. దానిమీద చివరి ఊరికి మూడక్షరాల గుర్తు ఉంటుంది. ఆ చీటీని చూసి ఒక కంపెనీవారు పెట్టెను మరొక కంపెనీవారికి అప్పగిస్తారు. ఎంతో సౌకర్యమైన ఏర్పాటు. కాని ఇందులో ఒక లోపం ఉండేది. పెట్టె యజమాని నిజంగా విమానం ఎక్కాడా లేదా అని సరిచూసే పద్ధతి అన్నిచోట్లా గట్టిగా అమలులో లేదు.

ఆ లోపానికి మూల్యం చెల్లించింది మనవాళ్లే. అందుకే ఈ సంగతి ఇక్కడ చెబుతున్నాను.

1985 జూన్ 22న వాంకూవరు విమానాశ్రయంలో ఒక మనిషి తన పెట్టెను టొరంటోలో ఎయిరిండియా విమానానికి నేరుగా మార్చాలని పట్టుబట్టాడు. టొరంటో నుండి అతనికి సీటు ఖాయం కాలేదు. అలా కుదరదని కౌంటరులోని ఉద్యోగిని మొదట చెప్పింది. వెనుక వరుస పెరుగుతోంది, అతను వదలడం లేదు. చివరకు ఆమె ఒప్పుకొని చీటీ కట్టింది. పెట్టె ఎక్కింది. మనిషి ఎక్కలేదు. అదేరోజు అదే ఊళ్లో మరొక పెట్టె కూడా, దాని మనిషి లేకుండానే, టోక్యో వెళ్లే విమానం ఎక్కింది.

టోక్యో చేరిన పెట్టె నరితా విమానాశ్రయంలో మరో ఎయిరిండియా విమానానికి మార్చుతుండగా పేలింది. సామాను మోసే ఇద్దరు జపాను కార్మికులు చనిపోయారు. గంట తిరగకముందే టొరంటో, మాంట్రియల్‌ల నుండి లండను మీదుగా ఢిల్లీ, బొంబాయి వెళ్లవలసిన 182 నంబరు విమానం, కనిష్క అని పేరు పెట్టిన బోయింగ్ 747, ఐర్లండు తీరానికి దగ్గరలో 31,000 అడుగుల ఎత్తున ముక్కలై సముద్రంలో పడింది. అప్పటికి తేదీ జూన్ 23. ప్రయాణికులు 307 మంది, సిబ్బంది 22 మంది. 329 మందిలో ఒక్కరూ మిగల్లేదు. సగానికి పైగా మందికి దేహాలు కూడా దొరకలేదు.

నేను పంతులును గనుక నాకు ముందు కళ్లకు కట్టేది పిల్లలే. బళ్లకు సెలవులిచ్చే రోజులవి. తాతయ్యనూ అమ్మమ్మనూ చూడడానికి బయలుదేరిన పిల్లలే ఎనభైమందికి పైగా ఉన్నారు. ఆ జాబితాలో తెలుగింటి పేర్లు కూడా ఉన్నాయి.

ఆనాడు కెనడా ప్రధాని ఫోను చేసి భారత ప్రధానికి సంతాపం తెలిపారు. చనిపోయినవారిలో అధికభాగం కెనడావారే అయినా, అది ఎక్కడివాళ్ల దుఃఖమో ఈ దేశానికి చాలాకాలం తెలియలేదు. ఇద్దరు నిందితులు 2005లో నిర్దోషులుగా విడుదలయ్యారు. శిక్ష పడింది ఒక్కడికే. 2010లో జస్టిస్ జాన్ మేజర్ విచారణ సంఘం ఇచ్చిన నివేదిక ఇది కెనడా విషాదమని తన పేరులోనే చెప్పింది. ఆ ఏడు జూన్ 23న ప్రధాని హార్పర్ బాధిత కుటుంబాలకు ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. అప్పటికి పాతికేళ్లు గడిచాయి.

అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ కేంద్ర కార్యాలయం మాంట్రియల్‌లోనే ఉన్నది. కనిష్క కెనడాలో చివరిసారి నేల విడిచిన ఊరూ అదే. ఆ ఘోరం తరువాత, ప్రయాణికుడు ఎక్కకపోతే అతని పెట్టె కూడా వెళ్లరాదన్న నియమాన్ని ఆ సంస్థ బిగించింది. అయినా కాగితం మీది నియమం చాలలేదు. 1988 డిసెంబరు 21న స్కాట్లండులోని లాకర్బీ ఊరిమీద పాన్ ఆమ్ విమానం కూలినప్పుడు 270 మంది పోయారు. అక్కడా కారణం మనిషి లేకుండా వచ్చిన పెట్టెయే. ఆ తరువాత పెట్టెల్లోపల యంత్రాలతో చూడడం క్రమంగా అంతటా వచ్చింది. 2002లో కెనడాలో విమానాశ్రయాల తనిఖీకే ప్రత్యేక సంస్థ ఏర్పడింది. ఇప్పుడు ఎవరైనా ఎక్కకుండా ఆగిపోతే వారి పెట్టెను వెతికి దించుతారు. దారితప్పి వెనుక మిగిలిన పెట్టెలను మాత్రం వేరుగా పరీక్షించి పంపుతారు. కూర్చున్న మనం గడియారం చూసుకుంటూ విసుక్కుంటాం. ఇకమీదట అలా విసుగు వచ్చినప్పుడు ఆ 329 మందిని తలచుకోండి.

ఇక నా సంగతి. కొన్నేళ్ల క్రితం హైదరాబాదులో తిరుగు ప్రయాణానికి ముందురోజు, మా బంధువుల పొరుగింటి పెద్దావిడ ఒక పొట్లం తెచ్చారు. గుడ్డలో చుట్టి దారంతో గట్టిగా కుట్టినది. సర్రేలో ఉన్న వాళ్లబ్బాయికి ఇవ్వాలట.

"అమ్మా, ఒకసారి విప్పి చూడవచ్చునా?" అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. "ఇందులో ఏముందనుకుంటున్నావు నాయనా? నామీద నమ్మకం లేదా?"

నాకు సిగ్గువేసింది. పోనీలే, ఎప్పటిలాగే పెట్టెలో వేసుకుందామనుకున్నాను. కాని మా ఊళ్లో స్టాన్లీ పార్కులో, పిల్లల ఆటస్థలం పక్కన 2007లో కట్టిన గోడ గుర్తుకొచ్చింది. దానిమీద ఆ విమానంలో పోయినవారి పేర్లు చెక్కి ఉన్నాయి. నాకు వచ్చిన తెలుగులో ఆమెకు కనిష్క కథంతా చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత లోపలికి వెళ్లి కత్తెర తెచ్చి నా చేతికిచ్చారు.

"నువ్వే విప్పు నాయనా. మళ్లీ నేను కుడతాను."

గోంగూర పచ్చడి, కందిపొడి, మినపవడియాలు. అన్నిటికీ అడుగున, ఆమె ఇంకా కళ్లారా చూడని మనవరాలికి ఒక చిన్న పట్టుపరికిణీ. ఒక్కొక్కటీ ఆమే తీసి చూపించారు. ఆ పరికిణీ చూపించేటప్పుడు ఆమెకు కోపం పోయింది. చూపించడానికి ఒక మనిషి దొరికాడన్న సంతోషమే మిగిలింది.

మరునాడు కౌంటరులో అదే ప్రశ్న అడిగారు. "ఒక పెద్దావిడ ఇచ్చిన పొట్లం ఉంది. నా ఎదుటే విప్పారు, అంతా చూశాను, నా చేతులతో సర్దుకున్నాను. మీరూ చూడండి" అన్నాను. చూశారు. అయిదు నిమిషాలు పట్టింది. వాంకూవరులో దిగాక తినుబండారాలు ఉన్నాయని కస్టమ్సువారికీ చెప్పాను. ఆ ప్రశ్నకు నేను నిజం చెప్పడం అదే మొదటిసారి.

2023లో ఈ దేశంలో జరిగిన ఒక ప్రజాభిప్రాయ సేకరణలో పదిమందిలో తొమ్మిదిమందికి కనిష్క గురించి ఏమీ తెలియదనో, కొంచెమే తెలుసుననో తేలింది. బయటివాళ్ల సంగతి అటుంచండి. మన సాయంత్రపు తరగతిలో పిల్లలను నేను అడిగాను. ఒక్క చెయ్యి లేచింది. తప్పు పిల్లలది కాదు, మనం చెప్పలేదు.

ఒకరి సామాను ఒకరు మోయడం మన వాళ్ల మంచి గుణం. ఓడ దిగిన మన తాతలు అలా ఒకరినొకరు మోసుకునే నిలబడ్డారు. ఆ గుణం వదలమని నేను చెప్పను. తీసుకువెళ్లండి, తప్పక తీసుకువెళ్లండి. కాని విప్పి చూసి తీసుకువెళ్లండి. ఇచ్చేవారు కుట్టకుండా ఇవ్వండి. అడిగితే నొచ్చుకోకండి. అడగడం అనుమానం కాదు, పక్క సీటులోని పిల్లవాడి మీద ప్రేమ.

ఈసారి ప్రయాణంలో మీ పిల్లలు పక్కన ఉండగా కౌంటరులో ఆ ప్రశ్న అడిగినప్పుడు, నవ్వకుండా నిజం చెప్పండి. ఆ ప్రశ్న ఎందుకు పుట్టిందో గేటు దగ్గర కూర్చున్నప్పుడు వాళ్లకు చెప్పండి.