చీనావారి పంచతత్త్వములు

పంచభూతములనగానే మన తెలుగువారికి భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశము జ్ఞప్తికి వచ్చును. చీనావారికి కూడ తత్త్వములు ఐదే. కాని వారి లెక్కలో గాలియు లేదు, ఆకాశమును లేదు. వానికి బదులు కఱ్ఱయు లోహమును గలవు. కఱ్ఱ, నిప్పు, మన్ను, లోహము, నీరు అను ఈ ఐదింటిని వారు 'వూ శింగ్' అందురు. శింగ్ అనగా నడక. వస్తువు దేనితో చేయబడినదో మన భూతములు చెప్పును. ఒకటి మఱియొకటిగా ఎట్లు నడచునో వారి తత్త్వములు చెప్పును. ఈ భేదమును గ్రహించినచో తక్కినదంతయు సులభము.

ఈ నడకను చూచుటకు చీనాదేశము పోనక్కఱలేదు. మన కరీంనగరపు పొలిమేర దాటగానే, నిజామాబాదు సీమలో కోనసముద్రమను గ్రామము కలదు. అచ్చటి కమ్మరులు పూర్వము ఉక్కు చేసి పర్షియా వర్తకులకు అమ్మెడివారు. వాయిసీ అను ఆంగ్లేయ వైద్యుడు ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చుపడినది. ఇనుమును మట్టిమూసలలో నుంచి, మూత మెత్తి, బొగ్గుల కొలిమిలో తిత్తులతో ఊది కాల్చెడివారట.

చీనా పండితుడు ఆ కొలిమికడ నిలిచినచో ఇట్లనును: కఱ్ఱ నిప్పును కనును; నిప్పు బూడిదయై మన్నును కనును; మన్ను తన గర్భమున లోహమును కనును; లోహము కరగి నీరువలె పాఱును; నీరు మరల చెట్టును పెంచును. ఇది జననక్రమము. జయక్రమము వేఱు. మట్టికట్ట చెఱువునీటిని ఆపును. నీరు నిప్పును ఆర్పును. నిప్పు లోహమును కరగించును. గొడ్డలి చెట్టును నఱకును. చెట్టువేరు నేలను చీల్చును.

వారి వైద్యులు ఈ క్రమమునే దేహమునకు అన్వయించిరి. కాలేయము కఱ్ఱ, గుండె నిప్పు, ప్లీహము మన్ను, ఊపిరితిత్తులు లోహము, మూత్రపిండములు నీరు. ఒక యవయవము క్షీణించినచో జననక్రమమున దానికి తల్లియైన యవయవమును పోషింపవలెనందురు. వాయ్వాకాశములు వాతమనియు, తేజస్సు ప్రధానమైనది పిత్తమనియు, భూజలములు కఫమనియు మన ఆయుర్వేదము చెప్పు తీరు ఇట్టిదే.

వారి మల్లులును దీనిని విడువలేదు. శింగ్-యి అను ముష్టియుద్ధవిద్యలో మూలమైన పోట్లు ఐదు. గొడ్డలివలె మీదినుండి దిగునది లోహము. ఊటవలె క్రిందినుండి పైకి చిమ్ముకొనివచ్చునది నీరు. బాణమువలె తిన్నగా పోవునది కఱ్ఱ. ఫిరంగివలె ప్రేలునది నిప్పు. అడ్డముగా త్రోయునది మన్ను. లోహము కఱ్ఱను నఱకును గనుక, తిన్నగా వచ్చు పోటును గొడ్డలిపోటుతో విఱువుమని గురువు బోధించును. శిష్యుడు జ్ఞాపకముంచుకొనుటకు ఇంతకన్న సులువైన సూత్రముండదు.

అయినను సూత్రము సర్వత్ర చెల్లునా? ఏ తత్త్వమునకును నిత్యజయము లేదని చీనాలోనే మో త్స అను ప్రాచీనుని శిష్యులు వాదించిరి. నిప్పు అధికమైనచో లోహము కరగును. లోహమే అధికమైనచో బొగ్గు నలిగి నిప్పు చల్లారును. మన కమ్మరికిది చెప్పనక్కఱలేదు. గుప్పెడు బొగ్గులతో దాగలి కరగదు. ఏది దేనిని జయించునో సూత్రము చెప్పును. ఎంత కావలెనో పరీక్షయే చెప్పును. మల్లునికి ఆ పరీక్ష గోదాలో జరుగును. రోగికి ప్రాణముతో జరుగును. అందుచే వైద్యమున సూత్రమునే నమ్మి యూరకుండుట తగదు.

ఆదిలాబాదు అడవిపల్లెలను చిరకాలము పీడించిన చలిజ్వరమునే చూడుడు. దాని బీజము దోమకడుపులో నుండుటను రోనాల్డు రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే కనుగొనెను. దాని మందులలో నొకటి చీనా మూలికనుండి వచ్చినది. చింగ్ హావ్ అను మొక్కను నీట నానవేసి, పిండి, ఆ రసమును త్రాగవలెనని గె హాంగ్ అను వైద్యుడు నాలుగవ శతాబ్దమున వ్రాసియుంచెను. తూ యూయూ అను విదుషి ఆ వాక్యమును చదివి, కాచుటచేతనే మూలికగుణము నశించుచున్నదేమో యని శంకించెను. తక్కువ వేడిమిలో ఈథరుతో సారము తీసి, 1971లో ఎలుకలపైనను కోతులపైనను పరీక్షించి ఫలము గాంచెను. మఱుచటి సంవత్సరమున శుద్ధద్రవ్యము చేతికి వచ్చెను. అదియే ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకు నోబెలు బహుమానము లభించెను. ఇచ్చట త్రోవ చూపినది పంచతత్త్వముల చక్రము కాదు. నీట నానవేయవలెనని గుర్తుగా వ్రాసిన ఒక జాగరూకుని చేయి.

మంథని చేరువనున్న రామగిరి కొండ మూలికలకు పేరుపడినది. ఆ మూలికల నెఱిగిన పెద్దలు నేటికిని గలరు. వారికి నా మనవి ఇది. ఆకు వాడుదురో, వేరు వాడుదురో, ఏ ఋతువున తీయుదురో, ఎంత వేయుదురో, కాచుదురో, నానవేయుదురో, సమస్తమును వ్రాసి యుంచుడు. పరీక్షించువారు రేపైనను వత్తురు. కుటుంబములవారికి వేఱొక మనవి. ఇంట జ్వరము వచ్చినచో అది వాతమో పిత్తమో యని తర్కించుచు దినములు గడపక, ముందు నెత్తురు పరీక్ష చేయింపుడు. తత్త్వవిచారమునకు తరువాత కావలసినంత తీరిక యుండును.